సంతకం పెట్టాల్సిన మనిషి

ఆసుపత్రి లాండ్రీ వెనక వీధి,
ఫిబ్రవరి 11

అమ్మడూ,

ఫోను చేస్తే నువ్వు చూసుకునే పెద్దావిడ పక్కనే కూర్చుని నీ ప్రతి మాటా వింటుంది. పైగా నేను చెప్పాల్సింది కాస్త పొడుగు. అందుకే కాగితం పట్టాను.

నీ కూతురు పిచ్చుక బాగుంది. పదేళ్లు నిండాక గౌనులన్నీ మోకాళ్ల పైకెక్కాయి. నోటికి తాళం లేదు, అచ్చం నీ పోలికే. మొన్న బడి వదిలాక లాండ్రీకొచ్చి, నేను మడతపెడుతున్న దుప్పట్ల గుట్ట చూసి, "అత్తా, ఇంతమంది పడుకుంటారు కదా, ఇందులో గురక పెట్టని దుప్పటి ఒక్కటైనా ఉంటుందా?" అంది. మా ఇస్త్రీ అక్క పెట్టె పక్కన పెట్టేసి మరీ నవ్వింది.

ఇక అసలు సంగతి. దాని ఎడమ చెవి కొంచెం కారుతోంది. కంగారేం లేదు. చిన్న ఆపరేషను చేస్తే పోతుందన్నారు. కాగితాలు నింపే గుమాస్తా "పిల్లకి మీరేమవుతారు?" అన్నాడు. మేనమామ భార్యని అన్నాను. "అయితే మేనమామని రమ్మనండి." "ఆయన పోయి రెండేళ్లయింది." కలం కింద పెట్టేశాడు. మీ అన్నయ్య ఉన్నన్నాళ్లూ ఆయన సంతకంతో అన్నీ నడిచిపోయాయి. ఆయన లేకపోతే నేను ఆ పిల్లకి కాగితం మీద ఏమీ కానట. బడిలోనూ అదే పేచీ మొదలైంది. వాళ్ల నాన్న ఏ ఊళ్లో ఉన్నాడో ఎవరికీ తెలియదు. కనుక నువ్వు రావాలి, లేదా నేనే సంరక్షకురాలినని కోర్టు చేత అనిపించుకోవాలి.

కోర్టు వెనక మాలాంటివాళ్లకి ఉచితంగా వకీలునిచ్చే ఆఫీసు ఉందని ఇస్త్రీ అక్క చెప్పింది. వెళ్తాను. ఈలోగా ఒక సమ్మతి పత్రం టైపు చేయించి ఇందులో పెడుతున్నాను. "మా వదిన సంరక్షకురాలిగా ఉండటానికి నాకు అభ్యంతరం లేదు" అని ఉంటుంది. అడుగున నీ సంతకం చాలు.

వేళకి తిను.

నీ వదిన

*

పెద్దావిడ ఇల్లు, మేడమీద గది,
ఫిబ్రవరి 23

వదినా,

నీ ఉత్తరం చూడగానే ప్రాణం లేచొచ్చింది. గురక దుప్పటి మాట చదివి ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే, పెద్దావిడ "ఏంటే, నన్ను చూసి నవ్వుతున్నావా?" అని కసిరింది. ఆవిడకిప్పుడు పక్కమీద తిరగడం కూడా నా చేతుల్లోనే. ఒక్కరోజు సెలవంటే కొడుకు మొహం ముడుచుకుంటాడు. "వెళ్తే వెళ్లు, తిరిగొచ్చేసరికి ఇంకొకరుంటారు" అంటాడు. ఈ పని నాకిప్పుడు ఎంత అవసరమో నీకు తెలియదు.

కాగితం చూశాను. ఒకసారి నిదానంగా చదువుకుని పంపుతాను. చెవి కారడానికి వెచ్చని గుడ్డ కాపడం పెట్టు. నాకూ చిన్నప్పుడు కారేది, దానంతటదే తగ్గింది.

వదినా, ఒక్క మాట. పిచ్చుకకి నేను రాసే ఉత్తరాలు అందుతున్నాయా? రెండేళ్ల నుంచి ఒక్క జవాబూ లేదు. ముందు బొమ్మలైనా గీసి పంపేది. దానికి నా మీద కోపమా? ఉంటే ఉందని చెప్పు, ఫరవాలేదు.

నీ అమ్మడు

*

ఆసుపత్రి లాండ్రీ వెనక వీధి,
మార్చి 19

అమ్మడూ,

సంతకం ఇంకా రాలేదు. తపాలాలో పోయిందేమోనని మరో ప్రతి పంపుతున్నాను.

ఆ ఉచిత ఆఫీసు సంగతి చెప్తాను విను. మెట్ల కింద బల్ల, బల్ల మీద టోకెన్ల డబ్బా. రోజుకి ఇరవై టోకెన్లే. పది గంటలకి తలుపు తీస్తారు, ఏడింటికే ఇరవయ్యో మనిషి వచ్చేసి ఉంటాడు. నా షిఫ్టు ఆరింటికి మొదలు. రెండుసార్లు పని ఎగ్గొట్టి వెళ్తే రెండుసార్లూ డబ్బా ఖాళీ. మూడోసారి ఇస్త్రీ అక్క నా బదులు నిలబడి టోకెను పట్టింది. లోపలికి వెళ్తే, "మీ ఆదాయం తక్కువని రుజువేది?" అన్నారు. నా చేతులు చూపించాను. సబ్బు నీళ్లలో నాని గోళ్ల చుట్టూ తోలు ఊడిపోతుంది కదా, అవి. బల్ల వెనకున్న అమ్మాయి పాపం నవ్వలేదు. "అమ్మా, మూడు నెలల జీతం చీటీలు కావాలి" అంది.

మా కాంట్రాక్టరు ఏనాడూ చీటీ ఇవ్వడు. అడిగితే ఎగాదిగా చూశాడు. వాడిచ్చేది రూలు ప్రకారం ఇవ్వాల్సిన దానికన్నా తక్కువ, అది కాగితం మీద పెడితే వాడి మెడకే చుట్టుకుంటుంది. "చీటీలు కావాలంటే చీటీలిచ్చే చోట పని చూసుకో" అన్నాడు. నేను బీదదాన్నని ఊరంతటికీ తెలుసు, ఆ ఒక్క బల్లకి తప్ప.

లా చదివే పిల్లలు ఆదివారం పూట సలహాలిస్తారంటే అక్కడికీ వెళ్లాను. ఒకబ్బాయి నేను చెప్పిందంతా ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకుని, చివర్లో "పిల్లల కేసులు మేం చూడమండీ" అన్నాడు. ముందే చెప్పొచ్చు కదా నాయనా! కాకపోతే ఒక దారి చెప్పాడు. చీటీ లేనివాళ్లు ప్రమాణపత్రం రాసిస్తే చాలట. రాయించాను. ఎట్టకేలకు వచ్చే నెల తొమ్మిదో తారీఖున వకీలు నన్ను చూస్తారు.

పిచ్చుకకి పరీక్షలు, అందుకే రాయడం లేదు. నీ మీద కోపమేం లేదు.

సంతకం, అమ్మడూ. ఒక్క సంతకం.

నీ వదిన

*

పెద్దావిడ ఇల్లు,
ఏప్రిల్ 2

వదిన గారికి,

మీరు పంపిన రెండు కాగితాలూ అందాయి. నేను ప్రస్తుతం ఏ కాగితం మీదా సంతకం పెట్టలేను. కారణం దయచేసి అడగవద్దు.

పాపకి చెవి మందు కొనడానికి కొంచెం డబ్బు పంపుతున్నాను.

ఇట్లు

*

ఆసుపత్రి లాండ్రీ వెనక వీధి,
ఏప్రిల్ 10

అమ్మడూ,

నన్ను "మీరు" అన్నావు. ఆ కాగితం పట్టుకుని ఇది ఎవరికొచ్చిందా అని అటూ ఇటూ తిప్పి చూశాను. "ఇట్లు" అని రాసి కింద పేరు కూడా లేదు. నేనేం చేశాను?

నిన్న వకీలు దగ్గరికి వెళ్లాను. నలభై ఏళ్ల మనిషి, కళ్లజోడు నెత్తి మీదికి తోసుకుని, నా మాట మధ్యలో ఎక్కడా తుంచకుండా విన్నది. ఆసుపత్రి చీటీ చదివింది. "మీకు హక్కు రావడానికి వీలుంది, తప్పకుండా చూద్దాం" అంది. అమ్మడూ, నెలల తరబడి కాళ్లరిగేలా తిరిగాక ఆ మాట చెవిన పడితే ఎలా ఉంటుందో చెప్పలేను. తర్వాత కంప్యూటరులో పేర్లు కొట్టింది. నా పేరు, పిల్ల పేరు, నీ పేరు. అక్కడ ఆగిపోయింది. కళ్లజోడు కిందికి దించుకుని మళ్లీ చూసింది.

"అమ్మా, మీ కేసు మేం తీసుకోలేం."

"ఇప్పుడేగా చూద్దామన్నారు?"

"అన్నాను. పొరపాటు. ముందు పేర్లు చూడాల్సింది."

"నేనేమన్నా తప్పు చెప్పానా?"

"లేదు. కారణం నేను చెప్పకూడదు. ఇంకేమీ నాకు చెప్పకండి, మీకే మంచిది."

ఒక చీటీ మీద రెండు చిరునామాలు రాసిచ్చింది. అందులో ఒకటి కూలి తగాదాలు మాత్రమే చూస్తుందట. రెండోదానికి బస్సులో ఒక పూట ప్రయాణం, అక్కడ పేరు రాసుకోవడానికే జూలై వరకు ఖాళీ లేదు. ఏం నేరం ఉంది నా పేరులో?

ఇప్పుడొక మాట చెప్పాలి. ముందే చెప్పాల్సింది. చెవి "కొంచెం కారుతోంది" అన్నాను. అది నిజం కాదు. ఏడాదిగా కారుతోంది. నేను చుక్కల మందు వేసి కప్పిపుచ్చాను, నీకు తెలిస్తే పిల్లని సరిగ్గా చూడలేదంటావని. లోపల ఏదో పెరిగి చెవి వెనక ఎముకని తినేస్తోందట. అక్కణ్ణుంచి మెదడుకి ఎంతో దూరం లేదన్నాడు డాక్టరు. "మరి చేసేయండి బాబూ" అన్నాను. "ప్రాణం మీదికొస్తే ఎవరి సంతకం లేకుండానే చేస్తామమ్మా. అప్పటిదాకా తల్లో తండ్రో సంతకం పెట్టాలి." "అంటే ప్రాణం మీదికొచ్చేదాకా కూర్చోమంటారా?" అన్నాను. ఆయన తల దించుకుని మందులు రాశాడు.

రాత్రిళ్లు దిండు తడిసిపోతోంది దానికి. వాసన. బడిలో పక్కన కూర్చునే పిల్ల వేరే బెంచీకి వెళ్లిపోయిందట. "పర్లేదత్తా, బెంచీ మొత్తం నాదే" అంటుంది.

నా మీద ఏ కోపం ఉన్నా ఉంచుకో. కాళ్లు పట్టుకుంటాను. సంతకం పెట్టు.

వదిన

*

పెద్దావిడ ఇల్లు,
ఏప్రిల్ 15

వదినా,

నీ పేరులో ఏ నేరమూ లేదు. ఆ కంప్యూటరులో ముందే ఉన్నది నా పేరు.

జనవరిలో నేను మీ ఊరు వచ్చాను. పెద్దావిడని కూతురి ఇంట్లో దింపిరమ్మంటే, ఒక్క పూట చేతిలో చిక్కింది. నేరుగా ఆ ఆఫీసుకే వెళ్లాను. ఆ మెట్ల కిందే, ఆ బల్ల దగ్గరే, పదమూడో టోకెను. నా పిల్లని వెనక్కి తెచ్చుకోవడమెలాగని అడిగాను. ఆవిడే, కళ్లజోడు నెత్తిమీద ఉన్నావిడే. ఒక పక్కవాళ్ల మాట విన్నాక రెండో పక్కవాళ్ల మాట వినకూడదట వాళ్లు. అందుకే నిన్ను పంపేసింది. నేను ముందు వెళ్లాను కాబట్టి నీకు తలుపు మూసుకుపోయింది. నాకు ఈ సంగతి తెలియదు వదినా, నీ ఉత్తరం చూశాకే ఫోను చేసి కనుక్కున్నాను.

ఎందుకు వెళ్లానంటావా? అన్నయ్య పోయాక నా ఉత్తరాలకి జవాబు ఆగిపోయింది. నా బిడ్డ నన్ను మర్చిపోతోందనుకున్నాను. నువ్వు మర్చిపోయేలా చేస్తున్నావనుకున్నాను. ఆరు నెలలు ఒకేచోట నిలకడగా పనిచేసినట్టు చూపించాలనీ, పిల్ల పడుకోవడానికి గది చూపించాలనీ, ఈలోగా తనని అడక్కుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దనీ ఆవిడ చెప్పింది. సరిగ్గా అప్పుడే నీ సమ్మతి పత్రం వచ్చింది. అది వల అనుకున్నాను. చెవి ఒక సాకు అనుకున్నాను. నువ్వు "కంగారేం లేదు" అని రాశావు కదా! ఏడాది! ఏడాది పాటు నా బిడ్డ చెవి కుళ్లుతుంటే నాకు చెప్పకుండా ఎలా ఉండగలిగావు?

ఆవేళ బడి గేటు అవతల అరగంట నిలబడ్డాను. దాన్ని చూశాను. ఎవరో వెనకనుంచి పిలిస్తే అది తిరగలేదు. ఆడపిల్లకి ఎంత పొగరు అనుకుని మురిసిపోయాను. వినపడక తిరగలేదని ఇప్పుడు తెలిసింది. పిలిచి ముద్దు పెట్టుకునే ధైర్యం లేక బస్సెక్కేశాను.

పని మానేస్తానని కొడుకుతో చెప్పాను. ఇరవయ్యో తారీఖు పొద్దున బస్సుకి దిగుతాను. ఆసుపత్రికే వస్తాను.

అమ్మడు

*

ఆసుపత్రి లాండ్రీ వెనక వీధి,
ఏప్రిల్ 17

అమ్మడూ,

నువ్వు బయల్దేరేలోపు ఇది నీ చేతికందాలని, అటు వెళ్లే బస్సు డ్రైవరుకిచ్చి పంపుతున్నాను. నీ మొహం చూస్తూ చెప్పే ధైర్యం లేదు.

నీ ఉత్తరాలు పిచ్చుకకి నేనే ఇవ్వలేదు. పదకొండు. నా ఇనుప పెట్టెలో చలికాలం బట్టల అడుగున ఉన్నాయి. ఒక్కటీ విప్పలేదు, చించలేదు. అందుకు నన్ను మెచ్చుకోమని కాదు.

మీ అన్నయ్య పోయిన నెలలో నీ ఉత్తరమొకటి వచ్చింది. అది చదువుకుని పిచ్చుక రెండు రోజులు గుమ్మంలోంచి కదల్లేదు, ముద్ద ముట్టలేదు. ఇంట్లో ఒక చావు అప్పుడే అయింది, ఇంకో ఏడుపు నా వల్ల కాలేదు. తర్వాతి ఉత్తరం వచ్చినప్పుడు, కాస్త తేరుకున్నాక ఇద్దాంలే అనుకున్నాను. ఆ తర్వాతిది దాయడం సులువైంది. అసలు భయం వేరు. ఆయన పోయాక పొద్దున్నే నన్ను లేపడానికి ఆ పిల్ల ఒక్కతే ఉంది. నువ్వు "రా" అని ఒక్క మాట రాస్తే అది వెళ్లిపోతుందనిపించింది. నువ్వు వల అనుకోవడంలో తప్పు లేదు. నేను ఉచిత వకీలు కోసం తిరిగింది చెవి కోసమే. కానీ చెవి కోసం మాత్రమే కాదు.

నువ్వొస్తున్నావని చెబితే పిచ్చుకని ఆసుపత్రిలో చేర్చుకున్నారు, పద్నాలుగో నంబరు మంచం. ఈ పూటే ఆ ఉత్తరాలు దాని చేతికిస్తాను. నా చేత్తోనే ఇస్తాను.

నన్ను ఏమన్నా అను. దాని ముందు వద్దు.

వదిన

*

వృద్ధాశ్రమం వెనక గదులు,
మే 30

వదినా,

నేను సంతకం పెట్టి ఆపరేషను అయ్యాక ఆ పది రోజులూ మనిద్దరం ఒకే మంచానికి చెరో పక్కన కూర్చుని మందుల వేళలు తప్ప ఏమీ మాట్లాడుకోలేదు. అందుకే రాస్తున్నాను.

నువ్వు షిఫ్టులో ఉన్నప్పుడు పిచ్చుక తలకి కట్టుతోనే ఆ పదకొండూ మళ్లీ మళ్లీ చదివింది. "అమ్మా, నువ్వు రాస్తూనే ఉన్నావన్నమాట" అంది. తర్వాత చాలాసేపు గోడకేసి తిరిగి పడుకుంది. నేను ఉండబట్టలేక నిన్ను ఏదో అనబోయాను. అది చెయ్యెత్తి ఆపింది. "నేను అత్తతో రెండు రోజులు మాట్లాడను. మూడో రోజు మాట్లాడతాను. నువ్వు మధ్యలో రాకు" అంది. లెక్కగా మూడో రోజు నిన్ను దుప్పటి అడిగింది, నువ్వు గబగబా రెండు తెచ్చావు, గుర్తుందా.

ఎడమ చెవి ఇక వినపడదని డాక్టరు నాతో విడిగా చెప్పాడు. ఎముక మట్టుకు నిలిచింది, ప్రాణానికి భయం లేదు. "రెండు నెలలు ముందొస్తే వినికిడి దక్కేదేమో" అన్నాడు. ఆ రెండు నెలలు ఎవరివని ఆయన అడగలేదు. నాకు తెలుసు, నీకూ తెలుసు. ఆ సంగతి నాతో పాటు ఉంటుంది, ఎక్కడికీ పోదు.

వచ్చేముందు ఆ వకీలు దగ్గరికి వెళ్లాను. నా కేసు మూసేయమన్నాను. "మూసేస్తే మా వదిన కేసు మీరు తీసుకుంటారా?" అన్నాను. "కుదరదమ్మా, మీ మాటలు విన్న చెవులివి" అంది. "మరి ఇద్దరం కలిసి ఒకే మాట మీదొస్తే?" అప్పుడు మొదటిసారి ఆవిడ మొహం విప్పారింది. "అప్పుడు కేసే లేదు. రాజీ గది ఉంది, అదీ ఉచితమే. నేను కూర్చోకూడదు, వేరే పెద్దమనిషి కూర్చుంటారు. మీరు ఒప్పుకున్నది రాస్తే జడ్జి చూసి ముద్ర వేస్తారు" అంది. ఇంత దగ్గర దారి ఉందని మనకెవరూ చెప్పలేదు. మనమిద్దరం కలిసి ఎవరినీ అడగలేదు కదా.

నాకు ఈ ఆశ్రమంలో పగటి పని దొరికింది. ఒక గది, కిటికీ ఉంది, బడి రెండు వీధుల అవతల.

మాట చుట్టూ తిప్పను. నాకు పిచ్చుక కావాలి. నువ్వు కాదంటే నీతో పోట్లాడే శక్తి నాకు లేదు, ఉన్నా పోట్లాడను. కానీ కాదనకు వదినా.

జూలై పన్నెండున రాజీ గదికి రమ్మన్నారు. వస్తావా?

నీ అమ్మడు

*

ఆసుపత్రి లాండ్రీ వెనక వీధి,
ఆగస్టు 6

అమ్మడూ,

ముద్ర వేసిన కాగితం నా ప్రతి నిన్న అందింది. పిల్ల తల్లి దగ్గర ఉంటుంది, బడి సెలవులు నా దగ్గర. నా పేరు రెండో పేజీలో ఉంది. "వైద్యానికీ చదువుకీ తల్లితో సమానంగా సంతకం చేయగల వ్యక్తి" అని రాశారు. ఇస్త్రీ అక్క చేత మూడుసార్లు చదివించుకున్నాను. చదవడం నాకు రాక కాదు.

నీకొకటి తెలియాలి. రాజీ గదిలో ఆ పెద్దమనిషి "మీకు సమ్మతమేనా?" అన్నప్పుడు, మంచినీళ్లకని నేను బయటికి వెళ్లాను కదా. నీళ్లకి కాదు. మెట్ల దాకా వెళ్లిపోయాను. బడికి పోయి పిల్లని తీసుకుని ఏ బస్సు కనిపిస్తే అది ఎక్కేద్దామనుకున్నాను. టోకెన్ల వరసలో ఉన్నవాళ్లు నేను కూడా వరసలోకి వచ్చాననుకుని వెనక్కి పొమ్మన్నారు. అక్కడే నిలబడిపోయాను. తీసుకుపోయి ఏం చేస్తాను? మళ్లీ దాని ఉత్తరాలు దాస్తూ బతకాలి. అది నా చేత కాదనిపించింది. లోపలికొచ్చి, సమ్మతమేనన్నాను. నా గొంతు నాకే వినపడలేదు, పెద్దమనిషి ఇంకోసారి చెప్పమన్నాడు.

ఇల్లు ఎలా ఉందని అడక్కు. పొద్దున నాకు మెలకువ రావడం లేదు, రెండుసార్లు షిఫ్టుకి ఆలస్యమైంది. అంతే.

పిల్ల సంగతులు కొన్ని బస్సు దగ్గర చెప్పలేకపోయాను. తలంటేటప్పుడు ఎడమ చెవిలో దూది నూనెలో తడిపి పెట్టు, ఉత్త దూది నీళ్లు పీలుస్తుంది. చెరువులూ ఈతలూ వద్దన్నారు, స్నేహితులు పిలిస్తే వెళ్లాలని చూస్తుంది. బడిలో టీచరుకి చెప్పి ముందు బెంచీలో, ఎడమ గోడ పక్కన కూర్చోబెట్టించు, అప్పుడు క్లాసంతా కుడివైపు ఉంటుంది. నువ్వెప్పుడూ కుడిపక్కనే నడువు. వెనకనుంచి పిలవకు, భుజం తట్టు.

దానికి వినపడకపోయినా వినపడినట్టే తలూపుతుంది. నన్ను ఏడాది అలాగే మోసం చేసింది. తలూపితే నమ్మకు. ఏం విన్నావో తిరిగి చెప్పమను. విసుక్కుంటుంది, చెప్పించు. రోడ్డు దాటేటప్పుడు పెద్దదాన్నయ్యానని చేయి విడిపించుకుంటుంది.

గట్టిగా పట్టుకో.

వదిన